ఫేజ్ 90 తరహా ఫేజర్: గిటారుకీ కీబోర్డుకీ ఒకే పెడల్ (ప్రాజెక్టు డైరీ)

1వ రోజు: ఏం కడుతున్నాం

ఫేజర్ అంటే ధ్వనిని సుడి తిరుగుతున్నట్టు వినిపించేలా మార్చే ఎఫెక్ట్. ఎంఎక్స్ఆర్ కంపెనీ వారి ఫేజ్ 90 పెడల్ 1974లో వచ్చింది. పైకి కనిపించేది ఒక్క స్పీడ్ నాబే. లోపల ఒకే రకం ఫేజ్ స్టేజీలు నాలుగు వరసగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక జేఫెట్ (గేటు అనే కాలి మీది వోల్టేజిని బట్టి రెసిస్టెన్స్ మారే ట్రాన్సిస్టర్). గిటారు వాళ్లకు ఇది బాగా తెలిసిన పెడల్. రోడ్స్ లాంటి ఎలక్ట్రిక్ పియానో మీద కూడా ఫేజర్ ధ్వని అంతే బాగుంటుంది. కానీ ఈ సర్క్యూట్‌ని ఉన్నదున్నట్టు కట్టి ఇప్పటి కీబోర్డు లైన్ అవుట్‌కి తగిలిస్తే మూడు చోట్ల దెబ్బ తింటుంది: సిగ్నల్ ఎక్కువై జేఫెట్లు గరగరలాడతాయి, మిక్సర్‌లోకి వెళ్లేసరికి బేస్ పోతుంది, కింది స్వరాలు ఇన్‌పుట్ దగ్గరే పలచబడతాయి. ఈ మూడూ సరిచేసి, ఒక్క స్విచ్‌తో గిటారుకీ కీబోర్డుకీ పనిచేసే బోర్డు కట్టడమే ఈ ప్రాజెక్టు.

ముందు లెక్క (ఇకపై 10కె అంటే 10 కిలో ఓంల రెసిస్టర్, 1 మెగ్ అంటే 1 మెగా ఓం). ఒక్కో స్టేజిలో ఆప్ ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ) ఇన్వర్టింగ్ పిన్‌కి 10కె, ఫీడ్‌బ్యాక్‌లో మరో 10కె. నాన్ ఇన్వర్టింగ్ పిన్‌లోకి 47 నానోఫారడ్ కెపాసిటర్ గుండా అదే సిగ్నల్. ఆ పిన్ నుంచి రిఫరెన్స్ వోల్టేజికి (సిగ్నల్ ఊగడానికి ఆధారంగా ఉండే స్థిర వోల్టేజి) 22కె, దానికి సమాంతరంగా జేఫెట్. జేఫెట్ పూర్తిగా మూసుకుంటే 22కె ఒక్కటే మిగులుతుంది, స్టేజి మధ్య ఫ్రీక్వెన్సీ 154 హెర్ట్జ్. జేఫెట్ 1కె దాకా దిగితే అది సుమారు 3,500 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది. ఫేజ్ తిరిగిన సిగ్నల్‌ని అసలు సిగ్నల్‌తో కలిపితే నాలుగు స్టేజీలకు రెండు గుంటలు (ధ్వని దాదాపు వినిపించని ఫ్రీక్వెన్సీలు) పడతాయి: మధ్య ఫ్రీక్వెన్సీకి 0.414 రెట్ల దగ్గర ఒకటి, 2.414 రెట్ల దగ్గర ఒకటి. అంటే కింది గుంట 64 నుంచి 1,465 హెర్ట్జ్ వరకు, పై గుంట 372 నుంచి 8,500 వరకు కలిసి నడుస్తాయి. చెవికి సుడిగాలిలా వినిపించేది ఈ రెండు గుంటల నడకే.

2వ రోజు: విడిభాగాలు

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, బాక్స్ ఫిల్మ్ కెపాసిటర్లు, టీఎల్072, టీఎల్062 ఐసీలు, బేస్‌లు, 3పీడీటీ ఫుట్‌స్విచ్ దొరికాయి. 47 నానో కెపాసిటర్లు పది కొని, కొలిచి, దగ్గరగా ఉన్న నాలుగింటిని పక్కన పెట్టాం. సిరామిక్ డిస్క్ రకం ఇక్కడ వద్దు. వేడికీ వోల్టేజికీ దాని విలువ మారిపోతుంది.

దొరకనివి రెండు. ఒకటి, స్పీడ్‌కి కావలసిన సి500కె, అంటే రివర్స్ లాగ్ పాట్. బి500కె, అంటే లీనియర్, పెడితే 90 శాతం తిప్పేదాకా అంతా నెమ్మదే. పనికొచ్చే వేగాలన్నీ చివరి పదో వంతులో ఇరుక్కుంటాయి. అందుకని ఎ500కె లాగ్ పాట్ తీసుకుని చివరి కాలు మార్చి వైరింగ్ చేశాం. నాబ్ ఎడమకు తిప్పితే వేగం పెరుగుతుంది, అదొక్కటే తేడా. తిప్పుడు మాత్రం సమంగా ఉంటుంది.

రెండోది జేఫెట్. ఈసీఈ ల్యాబులో ఎఫ్ఈటీ క్యారెక్టరిస్టిక్స్ ప్రయోగం చేసినవాళ్లందరికీ బీఎఫ్‌డబ్ల్యూ10, బీఎఫ్‌డబ్ల్యూ11 తెలుసు. షాపుల్లో సులువుగా దొరికేవీ అవే, కానీ ఇక్కడ వాటిని నమ్ముకోలేం. పించ్ ఆఫ్ వోల్టేజి (జేఫెట్ పూర్తిగా మూసుకోవాలంటే గేటుని సోర్స్ కంటే ఎంత కిందికి లాగాలో ఆ వోల్టేజి) బీఎఫ్‌డబ్ల్యూ10కి 8 వోల్టుల దాకా, బీఎఫ్‌డబ్ల్యూ11కి 6 వోల్టుల దాకా ఉండొచ్చు. 9 వోల్టుల పెడల్‌లో గేటుని అంత కిందికి లాగే చోటు లేదు. 2ఎన్5457 రకం ఆన్‌లైన్‌లో 25 తెప్పించాం.

4వ రోజు: జేఫెట్లు ఏరడం

ప్రాజెక్టులో సగం ఫలితం ఈ రోజు మీదే ఆధారపడి ఉంది. నాలుగు జేఫెట్ల గేట్లూ ఒకే తీగ మీద ఉంటాయి, నాలుగింటికీ వెళ్లేది ఒకే వోల్టేజి. ఒక్కటి వేరేగా ఉంటే దాని స్టేజి మిగతావాటితో నడవదు, గుంట లోతు తగ్గుతుంది. వినడానికి ఎవరో ట్రెబుల్ నాబ్ కొద్దిగా అటూ ఇటూ తిప్పుతున్నట్టు ఉంటుంది తప్ప ఫేజర్‌లా ఉండదు.

మొదట నకిలీల పరీక్ష. మల్టీమీటర్ డయోడ్ రేంజ్‌లో గేటు నుంచి డ్రెయిన్‌కి, సోర్స్‌కి 0.7 వోల్టు దగ్గర చూపించాలి. ఓం రేంజ్‌లో డ్రెయిన్, సోర్స్ మధ్య రెండు వైపులా కొన్ని వందల ఓంలు రావాలి. ఓపెన్ చూపిస్తే అది మామూలు ట్రాన్సిస్టర్, పైన అచ్చు మాత్రమే మార్చారు. 25లో 3 అలా పోయాయి.

తర్వాత బ్రెడ్‌బోర్డు మీద కొలత: డ్రెయిన్‌కి 9 వోల్టులు, గేటు గ్రౌండ్‌కి, సోర్స్ నుంచి గ్రౌండ్‌కి 10కె. సోర్స్ మీద వచ్చే వోల్టేజి రాసుకోవాలి. 2ఎన్5457 చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి డ్రెయిన్, సోర్స్, గేటు. డ్రెయిన్, సోర్స్ తారుమారైనా కొలత దాదాపు అదే వస్తుంది, గేటు తప్పితే మాత్రం పని జరగదు. వేరే నంబరు వాడితే డేటాషీట్ చూడకుండా కాళ్లు పెట్టొద్దు.

వేళ్లతో పట్టుకుని గుచ్చిన వెంటనే చూసిన అంకె నమ్మదగ్గది కాదు. ఒక్క వేలి వేడికే 10, 15 మిల్లీవోల్టులు కదులుతోంది. చిన్న ప్లయర్స్‌తో గుచ్చి, ఒక నిమిషం ఆగి, అప్పుడు రాశాం. ఫ్యాన్ కూడా ఆపేశాం. మంచివి 22, 0.9 నుంచి 2.1 వోల్టుల దాకా చెదిరి ఉన్నాయి. అందులో 1.42, 1.43, 1.43, 1.45 ఒక గుంపుగా దొరికాయి, బోర్డులోకి అవే వెళ్లాయి. 50 మిల్లీవోల్టుల లోపు తేడా ఉంటే చాలు. మిగతావి కాగితం మీద టేపుతో అంటించి పక్కన విలువ రాసి దాచాం. ఇంకో పెడల్‌కి 1.2 దగ్గర మరో నాలుగు ఉన్నాయి.

6వ రోజు: రిఫరెన్స్ వోల్టేజి, మొదటి తప్పు

రిఫరెన్స్‌ని నిలబెట్టే జెనర్ డయోడ్ 5.1 వోల్టులది కాబట్టి రిఫరెన్స్ 5.1 వస్తుందనుకోవడం పొరపాటు. సప్లై దారిలో 1ఎన్5817 డయోడ్, ఆ తర్వాత 33 ఓంలు, 220 మైక్రోఫారడ్ ఉన్నాయి. బోర్డు మీదికి వచ్చేది 8.4 వోల్టులు. పాత సర్క్యూట్ పద్ధతిలో 10కె గుండా జెనర్‌కి ఇచ్చాం. అప్పుడు జెనర్‌లో పారేది 0.43 మిల్లీ ఆంపియర్ మాత్రమే. పైగా వేసింది 1 వాట్ రకం 1ఎన్4733. దానికి 5.1 వోల్టులు నిర్ణయించింది 49 మిల్లీ ఆంపియర్ల దగ్గర. మీటర్ 4.1 చూపించింది.

ఒక వోల్టు తగ్గితే ఏమవుతుందంటే, జేఫెట్ సోర్స్ కూర్చునేది ఈ రిఫరెన్స్ మీదే. గేటుకి ట్రిమ్మర్ (స్క్రూతో సరిచేసే చిన్న పాట్) నుంచి 1 మెగ్, ఎల్ఎఫ్ఓ (ఫేజింగ్‌ని నెమ్మదిగా ఊపే తరంగం పుట్టించే భాగం) నుంచి 3.9 మెగ్ వస్తాయి. ట్రిమ్మర్‌ని సున్నాకి తిప్పినా ఎల్ఎఫ్ఓ సగటు 4.2 వోల్టులు గేటుని 0.86 దగ్గర ఆపేస్తాయి. అంటే 4.1 రిఫరెన్స్‌తో 3.2 వోల్టుల కంటే ఎక్కువ పించ్ ఆఫ్ ఉన్న జేఫెట్ మూసుకోదు. మన గుంపుకి ఇబ్బంది లేదు. కానీ ఇదే బోర్డులో వేరే జేఫెట్లు వేసేవాళ్లకు ‘ఎటు తిప్పినా ఏమీ జరగడం లేదు’ అనే జబ్బు సాధారణంగా ఇక్కడే పుడుతుంది.

అర వాట్ బీజడ్‌ఎక్స్79సీ5వీ1 వేసి, 10కె స్థానంలో 2.2కె పెట్టాం. 1.6 మిల్లీ ఆంపియర్లతో రిఫరెన్స్ 4.8 దగ్గర నిలబడింది. జెనర్‌కి సమాంతరంగా 47 మైక్రోఫారడ్. అడాప్టర్‌తో నడిచే పెడల్‌కి ఈ కాస్త కరెంటు లెక్కలోది కాదు.

7వ రోజు: ఎల్ఎఫ్ఓ

టీఎల్062లో ఒక సగం. నాన్ ఇన్వర్టింగ్ పిన్‌కి రిఫరెన్స్ నుంచి 150కె, అవుట్‌పుట్ నుంచి 470కె. ఇన్వర్టింగ్ పిన్‌కి 15 మైక్రోఫారడ్ టాంటలం, అవుట్‌పుట్ నుంచి స్పీడ్ పాట్, దానికి వరసగా 4.7కె. ఈ నిష్పత్తికి ఒక చుట్టు పట్టే కాలం దాదాపు రెసిస్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో గుణించినంతే. పాట్ పూర్తిగా ఉంటే 7.5 సెకన్లకు ఒకటి, సున్నాకి తెస్తే సెకనుకు 14. గేటుకి పంపేది చదరపు తరంగం కాదు, కెపాసిటర్ మీది త్రికోణం లాంటి తరంగం. అది 1.3 వోల్టుల మేర ఊగుతుంది, 3.9 మెగ్, 1 మెగ్ విభజన తర్వాత గేటు దగ్గర 0.27 వోల్టు. జేఫెట్‌ని మూసి తెరవడానికి అంతే చాలు.

ఇక్కడ రెండు విషయాలు. పాత 22 మైక్రోఫారడ్ మామూలు ఎలక్ట్రొలైటిక్ వేసి చూస్తే నెమ్మది వేగంలో ఎల్ఎఫ్ఓ మధ్యలో ఆగిపోయింది. 500కె గుండా చివర్లో వచ్చే కరెంటు 4 మైక్రో ఆంపియర్లే. లీకేజీ అంతకు చేరితే కెపాసిటర్ పై గడప ఎక్కలేదు. టాంటలం కానీ లో లీకేజ్ రకం కానీ ఇందుకే. ఇంకోటి, స్పీడ్ పూర్తిగా తగ్గించి పవర్ ఇస్తే 9 సెకన్ల దాకా ఏ కదలికా ఉండదు. ఖాళీ కెపాసిటర్ మొదటిసారి నిండుతోంది, అంతే. పాడైందని విప్పేయకండి.

8వ రోజు: టక్ టక్

స్టేజీలన్నీ కలిపి ఆంప్‌కి ఇస్తే ఫేజింగ్ ఉంది, దాంతోపాటు ప్రతి చుట్టుకీ రెండుసార్లు ‘టక్’ మని చప్పుడు. గిటారు వాల్యూం సున్నా చేసినా ఉంది. స్కోపు పెడితే రిఫరెన్స్ లైన్ మీదే, ఎల్ఎఫ్ఓ తిరిగే క్షణంలో చిన్న మెట్టు కనిపించింది. ఆ 150కె, 470కె దారిలో కరెంటు ఒక్కసారిగా దిశ మారి జెనర్‌ని కదుపుతోంది. ఆ జెనరే నాలుగు స్టేజీలకూ ఆధారం కాబట్టి మెట్టు నేరుగా ధ్వనిలోకి వెళ్తోంది.

ఎల్ఎఫ్ఓకి సొంత రిఫరెన్స్ ఇచ్చాం: 47కె రెండు, మధ్యలో 10 మైక్రోఫారడ్. అదనంగా ఎల్ఎఫ్ఓ గ్రౌండ్ తీగని ఇన్‌పుట్ జాక్ దగ్గర కాకుండా నేరుగా పవర్ జాక్‌కి కలిపాం. టక్ పోయింది. ఈ ఒక్క పనికి టీఎల్072 బదులు తక్కువ కరెంటు తీసుకునే టీఎల్062 పెట్టడం కూడా మంచిదే. దానిలో మిగిలిన సగాన్ని గాల్లో వదలకుండా, నాన్ ఇన్వర్టింగ్ పిన్ రిఫరెన్స్‌కి, అవుట్‌పుట్ ఇన్వర్టింగ్‌కి కలిపేయాలి.

9వ రోజు: ట్రిమ్మర్

250కె మల్టీటర్న్, 254 అని ముద్ర ఉన్నది. రిఫరెన్స్‌కీ గ్రౌండ్‌కీ మధ్య. స్పీడ్ సెకనుకు ఒకటి దగ్గర పెట్టి, సిగ్నల్‌గా డిస్టార్షన్ వేసిన కార్డ్ లేదా కీబోర్డులో హోరు లాంటి ప్యాచ్ వాడాలి. ఫ్రీక్వెన్సీలు నిండుగా ఉన్న ధ్వనిలోనే గుంటలు వినిపిస్తాయి. క్లీన్ సింగిల్ నోట్‌తో ట్యూన్ చేస్తే తప్పు చోట ఆగుతాం. ఒక చివర నుంచి నెమ్మదిగా తిప్పుతుంటే మొదట ఏమీ ఉండదు, తర్వాత చుట్టులో సగం సేపే ఫేజింగ్ వచ్చి మిగతా సగం ఏ కదలికా ఉండదు, ఆపైన చుట్టంతా నిండుగా, ఇంకా తిప్పితే మళ్లీ సగం, ఆ తర్వాత ఏమీ లేదు. నిండుగా ఉన్న భాగం మధ్యలో ఆపాలి. మన బోర్డులో వైపర్ (ట్రిమ్మర్ మధ్య కాలు) మీద 2.9 వోల్టుల దగ్గర కుదిరింది.

కొలిచేటప్పుడు మీటర్‌ని గేటు మీద పెట్టకూడదు. గేటు తీగ దాదాపు 0.8 మెగ్ ఇంపీడెన్స్ మీద ఉంటుంది. 10 మెగ్ మీటర్ తగిలించగానే అసలు 3.2 ఉన్నచోట 2.96 అవుతుంది, ఫేజింగే మాయమవుతుంది. ప్రోబ్ తీసేస్తే మళ్లీ వస్తుంది. వైపర్ మీద కొలిస్తే ఈ గందరగోళం లేదు.

11వ రోజు: కీబోర్డు

ఇన్‌పుట్‌లో 10కె సిరీస్ ఎలాగూ ఉంది. కీబోర్డు మోడ్‌లో దాని తర్వాత 3.3కె గ్రౌండ్‌కి పడేలా డీపీడీటీ స్విచ్‌లో ఒక భాగం వాడాం. సిగ్నల్ నాలుగో వంతు అవుతుంది. ఇది తప్పనిసరి. జేఫెట్ రెసిస్టర్‌లా నడిచేది దానిమీద చిన్న సిగ్నల్ ఉన్నప్పుడే. కీబోర్డు లైన్ అవుట్ 1 వోల్టు పీక్ ఇస్తే దాని రెసిస్టెన్స్ ఆ సిగ్నల్‌తో పాటే మారి గరగర వస్తుంది. ఇన్‌పుట్ కెపాసిటర్ 22 నానో, రిఫరెన్స్‌కి 1 మెగ్. కోత 7 హెర్ట్జ్ దగ్గర, పియానో కింది ‘ఏ’ 27.5 హెర్ట్జ్ కాబట్టి అది నిండుగానే దాటుతుంది.

తగ్గించినదాన్ని చివర్లో పెంచాలి. ఫేజ్ 90లో కలిపే పని ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ చేస్తుంది. ఇక్కడ ఆప్ ఆంప్ సమ్మింగ్ పెట్టాం: అసలు సిగ్నల్‌కి 150కె, ఫేజ్ సిగ్నల్‌కి 150కె, ఫీడ్‌బ్యాక్‌లో గిటారుకి 150కె. కీబోర్డుకి స్విచ్ రెండో భాగం ఇంకో 470కె కలుపుతుంది. మొత్తం 620కె, సుమారు నాలుగు రెట్లు. కాగితం మీద సరిపోయింది.

విన్నప్పుడు రెండు లోపాలు. మొదటిది, ధ్వని మీద దుప్పటి కప్పినట్టు ఉంది. ఫీడ్‌బ్యాక్‌కి సమాంతరంగా వేసిన 47 పికోఫారడ్ 150కెతో 22 కిలోహెర్ట్జ్ దగ్గర కోస్తుంది, బాధ లేదు. అదే 620కెతో 5.5 కిలోహెర్ట్జ్‌కే కోసేస్తుంది. 10 పికోకి మార్చాం.

రెండోది, గట్టి కార్డులు పగిలిపోతున్నాయి. లెక్కలో మరిచింది ఇది: రెండు సిగ్నళ్లూ ఒకే ఫేజ్‌లో కలిసే చోట మొత్తం రెట్టింపు అవుతుంది. 1 వోల్టు పీక్ లోపలికి వస్తే బయట 2.05. రిఫరెన్స్ 4.8 కాబట్టి టీఎల్072కి పైన మిగిలిన చోటు 2.1 వోల్టులే. దాని మీద వెంట్రుకంత ఎక్కువైనా కోసుకుపోతుంది. పెంచాల్సింది నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లే.

గిటారు వైపు కూడా ఇదే లెక్క. ఎఫెక్ట్ నొక్కగానే శబ్దం పెరిగినట్టు అనిపించేది. సగటున చూస్తే కలయిక వల్ల 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకని గిటారుకి 100కె, కీబోర్డుకి దానికి వరసగా 220కె పెట్టాం. ఇప్పుడు బైపాస్‌కీ ఎఫెక్ట్‌కీ మధ్య ఎగుడుదిగుడు లేదు, కార్డులు పగలడం లేదు.

అవుట్‌పుట్ కెపాసిటర్ కూడా మార్చాలి. 50 నానో గిటారు ఆంప్‌కి బాగానే ఉంటుంది. 10కె ఇన్‌పుట్ ఉన్న మిక్సర్‌కి అదే 318 హెర్ట్జ్ దగ్గర బేస్‌ని కోస్తుంది. 10 మైక్రోఫారడ్ వేశాం, ప్లస్ కాలు ఆప్ ఆంప్ వైపు. జాక్ వైపు 1 మెగ్ గ్రౌండ్‌కి వేయకపోతే ఫుట్‌స్విచ్ నొక్కినప్పుడల్లా ‘టప్’ మంటుంది.

ఆర్కెస్ట్రాల్లో పోర్టబుల్ కీబోర్డులు వాయించేవాళ్లకు ఒక మాట. చాలా మోడళ్లలో లైన్ అవుట్ ఉండదు, హెడ్‌ఫోన్ జాక్ నుంచే తీస్తారు. అది స్టీరియో. మామూలు మోనో ప్లగ్ గుచ్చితే కుడి చానెల్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. స్టీరియో ప్లగ్ వాడి, ఎడమ, కుడి రెండింటినీ చెరో 1కె గుండా కలిపి మోనోగా పెడల్‌కి ఇవ్వాలి.

13వ రోజు: ఫీడ్‌బ్యాక్ స్విచ్, పెట్టె

ఫేజ్ 90 తర్వాతి బోర్డుల్లో ఆర్28 అనే 24కె ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఉంటుంది. దాన్ని తీసేస్తే ‘స్క్రిప్ట్’ లోగో కాలపు మెత్తని ధ్వని వస్తుందని పెడల్ కట్టేవాళ్లు ఎన్నాళ్లుగానో చేస్తున్న మార్పు. ఇక్కడ నాలుగో స్టేజి అవుట్‌పుట్ నుంచి మొదటి స్టేజి ఇన్వర్టింగ్ పిన్‌కి 24కె, మధ్యలో చిన్న టాగుల్. వేస్తే గిటారు డిస్టార్షన్‌తో కోసినట్టు, ముక్కుతో పాడినట్టు వస్తుంది. ఎలక్ట్రిక్ పియానోకి తీసేసి, నెమ్మది వేగంలో పెడితేనే హాయి. ఆ ధ్వని వినగానే ఇన్ని రోజుల లెక్కలూ ఎందుకో చెవికే అర్థమవుతుంది.

125బి సైజు అల్యూమినియం పెట్టె. ఫుట్‌స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు, పవర్ జాక్‌కి 12, సిగ్నల్ జాక్‌లకు 10, పాట్‌కి 7, టాగుల్స్‌కి 6. ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో తొలిచి, తర్వాత స్టెప్ బిట్. నేరుగా పెద్ద బిట్ పెడితే రంధ్రం మూడు మూలలుగా తేలుతుంది. సమ్మింగ్ దగ్గరి స్విచ్ తీగలు రెండు అంగుళాలు దాటకుండా చూసుకోవాలి. ఇన్‌పుట్ తీగని స్పీడ్ పాట్ వెనక నుంచి తీసుకెళ్లొద్దు. ఎల్ఎఫ్ఓ చదరపు తరంగం ఆ పాట్ మీదే ఉంటుంది, పోగొట్టుకున్న ‘టక్’ మళ్లీ తిరిగొస్తుంది.

మూత బిగించాక ట్రిమ్మర్ ఇంకోసారి చూడాలి. పెట్టె లోపల పది నిమిషాలు నడిచి వేడెక్కిన తర్వాత వైపర్ మీద 2.9 అలాగే ఉన్నా నిండుగా వినిపించే చోటు కొద్దిగా జరిగింది. పావు చుట్టు వెనక్కి తిప్పి, ట్రిమ్మర్ స్క్రూ మీద చుక్క నెయిల్ పాలిష్ వేసి వదిలేశాం.